ఓటమికి కారణాన్వేషణ: 2019 విశాఖపట్నం ఎలిమినేటర్ పోటీ – గణాంకశాస్త్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

2019 మే 8న విశాఖపట్నంలో జరిగిన ఐ.పి.ఎల్. ఎలిమినేటర్ పోటీలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ఒక్క బంతి మిగిలి ఉండగా ఢిల్లీ క్యాపిటల్స్ చేతిలో ఓడిపోయింది. ఈ ఓటమికి సాధారణంగా మూడు కారణాలు చెబుతారు: డేవిడ్ వార్నర్ లేకపోవడం, 18వ ఓవరులో పరుగులు ఎక్కువగా ఇవ్వడం, అదృష్టం కలిసిరాకపోవడం. ఈ మూడింటిలో గణాంకాలు దేనిని ఎంతవరకు సమర్థిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బేస్‌బాల్ క్రీడలో అభివృద్ధి చెందిన విశ్లేషణ పద్ధతిని ఆధారంగా తీసుకొని, ఒక ఫలితంలో కారణానికి చెందిన భాగాన్ని, యాదృచ్ఛికతకు చెందిన భాగాన్ని ఎలా వేరు చేయవచ్చో వివరిస్తుంది.

కీలకపదాలు: గణాంకశాస్త్రం, సంభావ్యత, నమూనా, సగటు, యాదృచ్ఛికత, నెట్ రన్‌రేట్, ప్లేఆఫ్, విశాఖపట్నం.

1. ప్రవేశిక:

ఓడిన ఆటను గురించి మాట్లాడుకోవడం క్రీడాభిమానులకు ఆట చూడటమంత ఇష్టమైన పని. ఈ మాటలలో కారణాన్ని వెతకడమే ప్రధానంగా ఉంటుంది. ఫలానా బంతి వేయకుండా ఉంటే, ఫలానా క్యాచ్ పట్టి ఉంటే, ఫలానా ఆటగాడు జట్టులో ఉంటే అన్న ఊహల మీదనే ఈ చర్చ నడుస్తుంది. పత్రికలలోని క్రీడాకథనం కూడా ఇదే మార్గాన్ని అనుసరిస్తుంది. కథకు నాయకుడు, ప్రతినాయకుడు, పతాకసన్నివేశం కావాలి కనుక, ఇరవై ఓవర్ల ఆటలోంచి ఒక ఓవరునో, ఇరవైఇద్దరు ఆటగాళ్లలోంచి ఒకరినో ఎన్నుకొని ఫలితం బరువంతా అక్కడ మోపుతారు.

గణాంకశాస్త్రం ఇదే ప్రశ్నను వేరే విధంగా వేస్తుంది. ఈ ఫలితం ఈ జట్టుకు సహజంగా రాదగినదేనా? ఇదే ఆట మరో పదిసార్లు ఆడితే ఎన్నిసార్లు ఇదే ఫలితం వస్తుంది? కారణమని చెబుతున్న అంశం లేకపోయినా ఈ ఓటమి వచ్చి ఉండేదా? వీటికి కచ్చితమైన సమాధానాలు రాకపోయినా, ఏ వివరణకు ఎంత బలముందో తెలుస్తుంది. ఓటమి నెపం ఒక వ్యక్తి మీద పడే సందర్భంలో ఈ తేడా చిన్నది కాదు. న్యాయంగా నింద వేయడానికైనా, న్యాయంగా నింద తొలగించడానికైనా లెక్క అవసరం.

2. పోటీ వృత్తాంతం:

2019 ఐ.పి.ఎల్.లో మొదటి క్వాలిఫయర్ చెన్నైలోను, ఎలిమినేటర్, రెండవ క్వాలిఫయర్ పోటీలు విశాఖపట్నంలోను, అంతిమపోటీ హైదరాబాదులోను జరిగాయి. మధురవాడ సమీపంలోని ఏ.సి.ఏ.–వి.డి.సి.ఏ. మైదానంలో మే 8న సన్‌రైజర్స్ మొదట బ్యాటింగ్ చేసి 20 ఓవర్లలో 8 వికెట్ల నష్టానికి 162 పరుగులు సాధించింది. మార్టిన్ గప్టిల్ 19 బంతులలో 36, మనీష్ పాండే 36 బంతులలో 30, కేన్ విలియమ్సన్ 27 బంతులలో 28, విజయ్ శంకర్ 11 బంతులలో 25, మహమ్మద్ నబీ 13 బంతులలో 20 పరుగులు చేశారు. ఢిల్లీ బౌలర్లలో కీమో పాల్ 3 వికెట్లు తీయగా, అమిత్ మిశ్రా 4 ఓవర్లలో 16 పరుగులు మాత్రమే ఇచ్చాడు.

లక్ష్యఛేదనలో పృథ్వీ షా 38 బంతులలో 56, రిషభ్ పంత్ 21 బంతులలో 49 పరుగులు చేశారు. సన్‌రైజర్స్ బౌలర్ రషీద్ ఖాన్ 4 ఓవర్లలో 15 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. ఢిల్లీకి 18 బంతులలో 34 పరుగులు అవసరమైన దశలో బేసిల్ థంపి వేసిన 18వ ఓవరులో 22 పరుగులు వచ్చాయి. 19వ ఓవరులో భువనేశ్వర్ కుమార్ 7 పరుగులే ఇచ్చి పంత్‌ను అవుట్ చేశాడు. చివరి ఓవరులో 5 పరుగులు కావాలి. ఆ ఓవరులో అమిత్ మిశ్రా ఫీల్డింగ్‌కు అడ్డుపడినందుకు అవుట్ అయ్యాడు. అది చాలా అరుదైన అవుట్. ఆ తరువాత ఖలీల్ అహ్మద్ వేసిన అయిదవ బంతికి కీమో పాల్ ఫోర్ కొట్టడంతో ఢిల్లీ 8 వికెట్ల నష్టానికి 165 పరుగులు చేసి 2 వికెట్ల తేడాతో గెలిచింది. సన్‌రైజర్స్ ఆ ఏటి పోటీల నుంచి నిష్క్రమించింది.

3. పద్ధతి – బేస్‌బాల్ అనుభవం:

ఆటను అంకెలతో విశ్లేషించే సంప్రదాయం అమెరికాలోని బేస్‌బాల్‌లో లోతుగా వేళ్లూనింది. 1971లో ఏర్పడిన అమెరికన్ బేస్‌బాల్ పరిశోధన సంఘం పేరులోని తొలి అక్షరాల నుంచి ‘సేబర్‌మెట్రిక్స్’ అనే మాట పుట్టింది. దానిని ప్రచారంలోకి తెచ్చిన బిల్ జేమ్స్ 1977 నుంచి ఏటేటా వెలువరించిన గణాంక సంచికలు ఈ విద్యకు పునాది వేశాయి. గెలుపోటముల పట్టిక కంటే, ఒక జట్టు చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ ఉన్న నిష్పత్తి ఆ జట్టు బలాన్ని మెరుగ్గా సూచిస్తుందన్నది ఆయన ప్రతిపాదనలలో ముఖ్యమైనది. స్వల్ప తేడాతో వచ్చే గెలుపోటములలో యాదృచ్ఛికత పాలు ఎక్కువ; మొత్తం పరుగులలో ఆ పాలు కొంత సర్దుకుంటుంది.

ఈ పద్ధతికి ఖ్యాతి తెచ్చిన జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్. తక్కువ వ్యయంతో, గణాంకాల ఆధారంగా ఆటగాళ్లను ఎంపిక చేసుకున్న ఆ జట్టు 2002లో 162 ఆటలలో 103 గెలిచింది. అయినా ప్లేఆఫ్ మొదటి దశలోనే అయిదు ఆటల పోరులో మిన్నెసోటా ట్విన్స్ చేతిలో 3–2తో ఓడిపోయింది. అంతకుముందు ఏడాది సియాటిల్ మెరైనర్స్ 116 ఆటలు గెలిచి కూడా న్యూయార్క్ యాంకీస్ చేతిలో 4–1తో ఓడి అంతిమపోరుకు చేరలేకపోయింది. ఈ ఓటములు గణాంక పద్ధతి వైఫల్యాన్ని చూపుతున్నాయని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఆ విమర్శకు సమాధానం కూడా గణాంకాలలోనే ఉంది. ఒక ఆటను గెలిచే సంభావ్యత 55 శాతం ఉన్న జట్టు, అయిదు ఆటల పోరును గెలిచే సంభావ్యత సుమారు 59 శాతం మాత్రమే. అంటే మెరుగైన జట్టు పది పోరులలో నాలుగింటిని ఓడిపోవడం సహజం.

ఇక్కడ నమూనా పరిమాణం అన్న భావన కీలకమవుతుంది. ప్రతి ఆటలోను గెలుపోటములకు సమాన అవకాశమున్న జట్టు 162 ఆటలు ఆడితే, గెలుపుల సంఖ్యలో ప్రామాణిక విచలనం సుమారు 6.4 ఆటలు, అంటే మొత్తం ఆటలలో 4 శాతం. అదే జట్టు ఐ.పి.ఎల్.లో వలె 14 ఆటలే ఆడితే విచలనం సుమారు 1.9 ఆటలు, అంటే మొత్తంలో 13 శాతానికి పైగా. కాబట్టి ఐ.పి.ఎల్. పట్టికలో 8 గెలుపులకూ 6 గెలుపులకూ ఉన్న అంతరం రెండు జట్ల బలాల మధ్య నిజమైన అంతరమే అని చెప్పడం కష్టం. ఇక ఎలిమినేటర్‌లో నమూనా పరిమాణం ఒకటి.

4. పట్టిక చెప్పే కథ:

2019 లీగ్ దశ ముగిసేసరికి సన్‌రైజర్స్ 14 ఆటలలో 6 గెలిచి, 8 ఓడి 12 పాయింట్లతో ఉంది. కోల్‌కతా నైట్ రైడర్స్‌కు, కింగ్స్ ఎలెవన్ పంజాబ్‌కు కూడా 12 పాయింట్లే. నెట్ రన్‌రేట్ ఆధారంగా సన్‌రైజర్స్‌కు నాలుగవ స్థానం దక్కింది. ఓవరుకు సగటున చేసిన పరుగుల నుంచి ఓవరుకు సగటున ఇచ్చిన పరుగులను తీసివేస్తే వచ్చేది నెట్ రన్‌రేట్. సన్‌రైజర్స్‌ది +0.577; కోల్‌కతాది +0.028, పంజాబ్‌ది –0.251. 18 పాయింట్లు సాధించిన ముంబై ఇండియన్స్ నెట్ రన్‌రేట్ +0.421 మాత్రమే. అంటే ఓడిన ఆటలు గెలిచిన ఆటల కంటే ఎక్కువగా ఉన్న జట్టుకు మొత్తం ఎనిమిది జట్లలో అత్యధిక నెట్ రన్‌రేట్ ఉంది.

బిల్ జేమ్స్ సూత్రాన్ని యథాతథంగా అనువర్తిస్తే సన్‌రైజర్స్ ఆ ఏడాది అత్యుత్తమ జట్టని, ఓటములు దురదృష్టమని తేల్చవలసి వస్తుంది. కానీ సగటును అంగీకరించేముందు దానిలోని విలువలను విడదీసి చూడాలి. 2019 మార్చి 31న హైదరాబాదులో సన్‌రైజర్స్ రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరుపై 2 వికెట్లకు 231 పరుగులు చేసి, ప్రత్యర్థిని 113 పరుగులకే ఆలౌట్ చేసింది. జానీ బెయిర్‌స్టో 114 పరుగులు చేయగా, వార్నర్ సరిగ్గా 100 పరుగులతో అజేయంగా నిలిచాడు. తేడా 118 పరుగులు, ఓవరుకు 5.9. ఈ ఒక్క ఆటను 14 ఆటల మీద పరిస్తే దాని వాటా సుమారు 0.42. దానిని తొలగిస్తే మిగిలిన 13 ఆటల నెట్ రన్‌రేట్ సుమారు +0.17కు దిగుతుంది. అంటే జట్టు ‘అత్యుత్తమ’ ముద్రలో అధికభాగం ఒక అసాధారణ విలువ నుంచి వచ్చింది. మిగిలిన ఆటలను బట్టి చూస్తే ఇది సగటు కంటే కొద్దిగా మెరుగైన జట్టు మాత్రమే.

ఈ నిర్ధారణకు గెలుపుల సంఖ్య కూడా విరుద్ధంగా లేదు. సమాన బలమున్న జట్టు 14 ఆటలలో 6 లేదా అంతకంటే తక్కువ గెలిచే సంభావ్యత సుమారు 40 శాతం. ప్రతి ఆటలో 60 శాతం అవకాశమున్న బలమైన జట్టుకు ఆ సంభావ్యత 15 శాతం. సన్‌రైజర్స్ బలమైన జట్టయి ఉండి ఓడిందనడం అసాధ్యం కాదు గాని, మధ్యస్థ బలమున్న జట్టని అనుకోవడానికే ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి.

5. మొదటి వివరణ – వార్నర్ లేకపోవడం:

ఆ ఏడాది వార్నర్ 12 ఆటలలో 692 పరుగులు చేసి అత్యధిక పరుగుల ఆటగాడిగా నిలిచాడు. బెయిర్‌స్టో 10 ఆటలలో 445 పరుగులు చేశాడు. తొలి వికెట్‌కు వారిద్దరూ కలిసి 791 పరుగులు జోడించారు. ప్రపంచకప్ సన్నాహాల కోసం బెయిర్‌స్టో ఏప్రిల్ 23 నాటి ఆట తరువాత, వార్నర్ ఏప్రిల్ 29 నాటి ఆట తరువాత స్వదేశాలకు వెళ్లిపోయారు. వార్నర్ వెళ్లిన తరువాత సన్‌రైజర్స్ ఆడిన మూడు ఆటలలోను ఓడిపోయింది. కారణం స్పష్టంగా కనిపిస్తోందని అనిపించడం సహజం.

ఇక్కడ రెండు లెక్కలు చూడాలి. మొదటిది గెలుపోటముల లెక్క. వార్నర్ ఆడిన 12 ఆటలలో సన్‌రైజర్స్ గెలిచినవి 6. అంటే సరిగ్గా సగం. వార్నర్ లేకపోయినా ఈ అవకాశం సగంగానే ఉందనుకుందాం. అప్పుడు వరుసగా మూడు ఆటలు ఓడే సంభావ్యత ఎనిమిదింట ఒకటి, అంటే 12.5 శాతం. ఇది యాదృచ్ఛికంగా జరగకూడనంత అరుదు కాదు. పైగా ఆ మూడు ఓటములూ స్వల్పమైనవే. మే 2న ముంబైతో ఆట 162 పరుగుల వద్ద సమమై సూపర్ ఓవరులో చేజారింది. మే 4న బెంగళూరు 4 బంతులు మిగిలి ఉండగా గెలిచింది. మే 8న ఢిల్లీకి మిగిలింది ఒక్క బంతి. కేవలం గెలుపోటములను బట్టి ‘వార్నర్ వెళ్లాడు, అందుకే ఓడారు’ అని నిరూపించడం సాధ్యం కాదు. రెండు సంఘటనలు ఒకదాని వెంట ఒకటి రావడం సహసంబంధాన్ని చూపుతుంది. కార్యకారణ సంబంధానికి అది చాలదు.

రెండవది బంతుల లెక్క. ఈ లెక్క వివరణకు కొంత బలాన్ని తిరిగి ఇస్తుంది. వార్నర్ స్ట్రైక్‌రేట్ 143.86, అంటే 692 పరుగులకు 481 బంతులు, ఆటకు సగటున 40 బంతులు. బెయిర్‌స్టో స్ట్రైక్‌రేట్ 157.24, అంటే 283 బంతులు, ఆటకు సగటున 28 బంతులు. ఇద్దరూ కలిసి ఇన్నింగ్స్‌లోని 120 బంతులలో సగటున 68 బంతులను, ఓవరుకు సుమారు 8.9 పరుగుల వేగంతో ఆడారు. మధ్యవరుస ఆటగాళ్లకు మిగిలినవి 52 బంతులే.

విశాఖపట్నంలో ఓపెనర్లు గప్టిల్, వృద్ధిమాన్ సాహా కలిసి 28 బంతులలో 44 పరుగులు చేశారు. వేగం ఓవరుకు 9.4; వార్నర్–బెయిర్‌స్టోల వేగానికి ఇది తక్కువ కాదు. తేడా వేగంలో లేదు, నిలకడలో ఉంది. 68 బంతులు నిలిచే చోట 28 బంతులే నిలిచారు. దానితో మిగిలిన 92 బంతుల భారం మధ్యవరుసపై పడింది. వార్నర్ లేని లోటు ఆ రాత్రి స్కోరుపట్టికలో కనిపించేది ఇక్కడే.

6. మధ్య ఓవర్ల లెక్క:

ఆ 92 బంతులలో 63 బంతులను పాండే, విలియమ్సన్ ఆడారు. వాటి నుంచి వచ్చిన పరుగులు 58, ఓవరుకు 5.5. ఇన్నింగ్స్‌లోని బంతులలో 52 శాతానికి పైగా వినియోగించి, పరుగులలో 36 శాతం మాత్రమే రాబట్టారు. ఆ తరువాత విజయ్ శంకర్, నబీ ఇద్దరూ 24 బంతులలో 45 పరుగులు చేశారు. ఓవరుకు 11 కంటే ఎక్కువ.

జట్టు సగటు వేగంతో పోలిస్తే ఈ 63 బంతుల వెలితి ఎంత? 162 పరుగుల ఇన్నింగ్స్‌లో 63 బంతులకు సగటున 85 పరుగులు రావాలి. వచ్చినవి 58, వెలితి 27 పరుగులు. ఆట పోయింది ఒక్క బంతి తేడాతో. ఓవరుకు ఒక్క పరుగు చొప్పున అదనంగా వచ్చినా మరో 10 పరుగులు చేరి ఉండేవి.

డక్‌వర్త్–లూయిస్ పద్ధతికి మూలమైన భావన ఇక్కడ ఉపయోగపడుతుంది. బ్యాటింగ్ జట్టుకు రెండు వనరులుంటాయి: మిగిలిన బంతులు, మిగిలిన వికెట్లు. యాభై ఓవర్ల ఆటలో వికెట్లు విలువైన వనరు. 300 బంతులకు పది వికెట్లు కనుక వాటిని కాపాడుకోవాలి. ఇరవై ఓవర్లలో 120 బంతులకు అవే పది వికెట్లు. వికెట్‌కు 12 బంతులే వంతు కనుక అక్కడ బంతులే అరుదైన వనరు. వికెట్ కాపాడుకోవడానికి బంతులు ఖర్చుచేస్తే, చివర వచ్చిన ధాటి ఆటగాళ్లకు బంతులు మిగలవు.

అయితే ఈ లెక్కతో పాండే, విలియమ్సన్‌లను దోషులుగా నిలపడం కూడా తొందరపాటే. పాండే ఏప్రిల్ 23న చెన్నైపై 49 బంతులలో 83, మే 2న ముంబైపై 47 బంతులలో 71 పరుగులు చేసి రెండుసార్లూ అజేయంగా నిలిచాడు. విలియమ్సన్ మే 4న బెంగళూరుపై 70 పరుగులతో అజేయంగా నిలిచాడు. వేగంగా ఆడగల శక్తి వారికి లేదనడం చెల్లదు. ఎదురుగా మిశ్రా ఓవరుకు 4 పరుగులే ఇస్తున్నాడు. ఆ తరువాత అదే మైదానంలో రషీద్ ఖాన్ కూడా ఓవరుకు 4 కంటే తక్కువే ఇచ్చాడు. మణికట్టు స్పిన్నర్లిద్దరికీ ఒకే ఫలితం రావడాన్ని బట్టి ఆ పిచ్ మీద స్పిన్‌ను కొట్టడం కష్టమైందని ఊహించవచ్చు. వెలితి ఉంది, దానిలో ఆటగాళ్ల పాలెంత, పరిస్థితుల పాలెంత అన్నది ఒక్క ఆటతో తేలదు.

7. రెండవ వివరణ – 18వ ఓవరు:

మూడు ఓవర్లలో 34 పరుగులు కావలసినపుడు ఢిల్లీకి అవసరమైన వేగం ఓవరుకు 11.3. 18వ ఓవరు ముగిసేసరికి 12 బంతులలో 12 పరుగులే మిగిలాయి. అవసరమైన వేగం 6కు పడిపోయింది. గెలుపు సంభావ్యతను ఒక్కసారిగా అంతగా మార్చిన ఓవరు ఆ ఆటలో మరొకటి లేదన్నది నిజం. బేస్‌బాల్ విశ్లేషకులు ప్రతి ఘట్టం గెలుపు సంభావ్యతను ఎంత పెంచింది, ఎంత తగ్గించింది అని లెక్కగడతారు. ఆ కొలతలో ఈ ఓవరు మొదటి స్థానంలో నిలుస్తుంది.

కానీ ఆ కొలతకు ఒక పరిమితి ఉంది. ఆట చివరికి వచ్చేకొద్దీ ప్రతి బంతి సంభావ్యతను ఎక్కువగా మారుస్తుంది. ఎందుకంటే సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. ఎనిమిదవ ఓవరులో రాని పరుగులూ 18వ ఓవరులో ఇచ్చిన పరుగులూ స్కోరుపలకపై సమానమే. సంభావ్యత పటంలో మాత్రం మొదటివి కనబడవు, రెండవవి పర్వతంలా కనిపిస్తాయి. పరుగుల లెక్కలో చూస్తే 18వ ఓవరులో అదనంగా పోయినవి, సన్‌రైజర్స్ సగటు వేగమైన 8తో పోలిస్తే 14 పరుగులు. పై భాగంలో చూసిన వెలితి 27 పరుగులు. మధ్య ఓవర్లు ఎప్పుడూ కొంత నెమ్మదిగాను, చివరి ఓవర్లు ఎప్పుడూ కొంత వేగంగాను సాగుతాయి కనుక ఈ రెండు అంకెలనూ కొంత తగ్గించి చూడాలి. అలా తగ్గించినా, 18వ ఓవరు ఒక్కటే ఓటమికి కారణమన్న వాదం నిలబడదు.

ఆ ఓవరు అంతటి నిర్ణాయక స్థానంలోకి ఎలా వచ్చిందన్నది కూడా ఆలోచించాలి. రషీద్ ఖాన్ 4 ఓవర్లలో 15 పరుగులే ఇవ్వగా, మిగిలిన 15.5 ఓవర్లలో సుమారు 150 పరుగులు వచ్చాయి, ఓవరుకు 9.5. ఒక బౌలర్ 4 ఓవర్లకు మించి వేయరాదన్న నియమం వల్ల, ఉత్తమ బౌలర్ ఎంత కట్టడి చేసినా మిగిలిన 16 ఓవర్లు ఇతరులే వేయాలి. థంపి ఓవరు ఆ 16 ఓవర్లలో ఒకటి. లక్ష్యం 163 కాకుండా 175 అయి ఉంటే ఆ 22 పరుగులు ఎవరి జ్ఞాపకంలోనూ మిగిలేవి కావు.

8. మూడవ వివరణ – అదృష్టం:

అదృష్టమన్న మాటను గణాంకశాస్త్రం తోసిపుచ్చదు. దానికి కొలత ఇస్తుంది. ఐ.పి.ఎల్. ప్లేఆఫ్ నిర్మాణమే ఇందుకు ఉదాహరణ. నాలుగు జట్లూ సమాన బలం గలవని భావిద్దాం. మొదటి రెండు స్థానాల జట్లకు రెండు దారులున్నాయి: మొదటి క్వాలిఫయర్ గెలిచి, అంతిమపోటీ గెలవడం (నాలుగింట ఒకటి), లేదా మొదటిది ఓడి, తరువాతి రెండూ గెలవడం (ఎనిమిదింట ఒకటి). మొత్తం 37.5 శాతం. మూడు, నాలుగు స్థానాల జట్లు వరుసగా మూడు ఆటలు గెలవాలి. వాటికి ఒక్కొక్కదానికి 12.5 శాతం. ప్రతి ఆటలోను 60 శాతం అవకాశమున్న బలమైన జట్టుకు కూడా ఆ దారిలో కప్పు దక్కే సంభావ్యత 21.6 శాతమే.

అంటే విశాఖపట్నంలో గెలిచినా సన్‌రైజర్స్‌కు కప్పు దక్కే అవకాశం నాలుగింట ఒకటి. ఎలిమినేటర్ గెలిచిన ఢిల్లీ రెండు రోజుల తరువాత, మే 10న, అదే మైదానంలో చెన్నై సూపర్ కింగ్స్ చేతిలో 6 వికెట్ల తేడాతో ఓడింది. మే 12న హైదరాబాదులో ముంబై 149 పరుగులు చేసి, చెన్నైని 148 వద్ద నిలిపి ఒక్క పరుగు తేడాతో కప్పు గెలుచుకుంది.

ఇదే దారిలో సన్‌రైజర్స్ ఒకసారి నెగ్గిన సంగతి కూడా మరువరాదు. 2016లో మూడవ స్థానంలో నిలిచి, ఎలిమినేటర్, రెండవ క్వాలిఫయర్ దాటి, మే 29న బెంగళూరులో రాయల్ ఛాలెంజర్స్‌పై 8 పరుగుల తేడాతో కప్పు సాధించింది. వరుస మూడు గెలుపులను ధైర్యసాహసాలుగా కీర్తించి, ఒక ఓటమిని మాత్రం ఒత్తిడికి లొంగిపోవడమని నిందించడం సమంజసం కాదు. రెండింటిలోను యాదృచ్ఛికత పాలు ఇంచుమించు సమానమే.

9. కారణం, యాదృచ్ఛికత – మన సంప్రదాయంలో:

లెక్కకూ జూదానికీ ఉన్న సంబంధం భారతీయ సాహిత్యానికి కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు దారిలో కనిపించిన తాండ్రచెట్టు కొమ్మల ఆకులను, కాయలను చూపుతోనే లెక్కగడతాడు. నలుడు రథం ఆపి, లెక్కించి, ఆ సంఖ్య సరిపోవడం చూసి ఆశ్చర్యపడతాడు. ఆ విద్యనే అక్షహృదయంతో పాటు నేర్చుకొని, జూదంలో పోగొట్టుకున్న రాజ్యాన్ని జూదంలోనే తిరిగి గెలుచుకుంటాడు. తన ఓటమిని కలిప్రభావమని భావించి ఊరుకోకుండా, పాచికల మర్మం తెలుసుకోవడం వల్లనే నలునికి రాజ్యం దక్కిందన్నది గమనార్హం.

ఆధునిక కాలంలో యాదృచ్ఛికతను శాస్త్రంగా మలచిన వారిలో విశాఖపట్నంలో చదువుకున్న ఆచార్య సి.ఆర్.రావు (1920–2023) అగ్రగణ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్రంలో ఎం.ఏ. పొందిన ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. అనిశ్చితిని తొలగించలేకపోయినా, అది ఎంత ఉందో కొలవగలిగితే ఆ జ్ఞానం నిర్ణయాలకు ఉపయోగపడుతుందన్నది ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో ఆయన విశదీకరించిన ప్రధాన భావన.

విశాఖపట్నం వంటి ఉక్కునగరానికి సుపరిచితమైన మరొక ఉదాహరణ నాణ్యతానియంత్రణ. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన నియంత్రణ పటం, ఉత్పత్తిలోని తేడాలను రెండుగా విభజిస్తుంది. ప్రక్రియలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు ఒకటి. ప్రత్యేక కారణం వల్ల వచ్చే తేడాలు రెండవది. సహజమైన హెచ్చుతగ్గుకు ప్రత్యేక కారణాన్ని వెతికి, యంత్రాన్ని మాటిమాటికీ సవరిస్తే నాణ్యత ఇంకా దిగజారుతుంది. ప్రత్యేక కారణాన్ని సహజమని వదిలేసినా నష్టమే. ఓడిన ప్రతిసారీ ఒక ఆటగాణ్ని మార్చే జట్టు మొదటి పొరపాటు చేస్తుంది. ప్రతి ఓటమినీ రాత అని సరిపెట్టుకునే జట్టు రెండవది చేస్తుంది.

ఈ వర్గీకరణతో చూస్తే, విశాఖపట్నం ఓటమిలో 18వ ఓవరు, చివరి బంతికి ముందు వచ్చిన ఫోర్ సహజ హెచ్చుతగ్గుల పరిధిలోనివి. ఇద్దరు ఓపెనర్ల మీద బ్యాటింగ్‌లో సగానికి పైగా భారం ఉంచడం ప్రత్యేక కారణం కిందికి వస్తుంది. దీనికి హెచ్చరిక ముందే వచ్చింది. ఏప్రిల్ 14న హైదరాబాదులో ఇదే ఢిల్లీ జట్టుపై 156 పరుగుల లక్ష్యంతో దిగి, వార్నర్ 51, బెయిర్‌స్టో 41 పరుగులు చేసినా, చివరి 8 వికెట్లు 15 పరుగుల వ్యవధిలో కోల్పోయి సన్‌రైజర్స్ 116కే ఆలౌటైంది. ఓపెనర్లు ఉన్న రోజునే మధ్యవరుస బలహీనత బయటపడింది. వారు వెళ్లిన తరువాత అది ప్రధాన సమస్యగా మారింది.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. అత్యధిక నెట్ రన్‌రేట్ సన్‌రైజర్స్ ఆధిక్యానికి నిదర్శనం కాదు. దానిలో అధికభాగం మార్చి 31 నాటి ఒక్క ఆట నుంచి వచ్చింది. సగటు విలువను దానిలోని అసాధారణ విలువతో కలిపి చదవాలి.

2. వార్నర్ లేకపోవడమే ఓటమికి కారణమని గెలుపోటముల లెక్క నిరూపించలేదు. బంతుల లెక్క మాత్రం ఆ లోటు ఏ మార్గంలో పనిచేసిందో చూపుతుంది: ఓపెనర్లు ఆడవలసిన 68 బంతులు 28కి తగ్గి, ఆ భారం మధ్యవరుసపై పడింది.

3. 18వ ఓవరు ఆటలో అత్యంత కనిపించే ఘట్టమే గాని, పరుగుల లెక్కలో అతిపెద్ద నష్టం కాదు. ఒక బౌలర్‌పై మొత్తం నిందను మోపడానికి అంకెలు అనుమతించవు.

4. నాలుగవ స్థానం నుంచి బయలుదేరిన జట్టుకు కప్పు దక్కకపోవడం అత్యంత సంభావ్యమైన ఫలితం. దానికి మానసిక దౌర్బల్యం వంటి వివరణ అవసరం లేదు.

ఈ పద్ధతి క్రీడలకే పరిమితమైనది కాదు. ఒక కవి పదప్రయోగాన్ని నాలుగు పద్యాలను బట్టి, ఒక మాండలిక లక్షణాన్ని ఇద్దరు వక్తలను బట్టి, ఒక విద్యార్థి ప్రతిభను ఒక పరీక్షను బట్టి నిర్ధారించే సందర్భాలు సాహిత్య, భాషా పరిశోధనలోను, అధ్యాపనలోను తరచుగా ఎదురవుతాయి. నమూనా ఎంత, దానిలో అసాధారణ విలువ ఏది, యాదృచ్ఛికంగా ఇంతే ఫలితం వచ్చే అవకాశమెంత అన్న మూడు ప్రశ్నలను అక్కడ కూడా వేసుకోవలసి ఉంది. సంభావ్యత, సహసంబంధం, ప్రామాణిక విచలనం వంటి పదాలు తెలుగు పాఠ్యపుస్తకాలలో చాలాకాలంగా ఉన్నాయి. వాటిని గణిత తరగతి దాటించి విమర్శ భాషలోకి తీసుకురావడం పరిశోధకుల ముందున్న పని.